రెండు కర్రలతో నడిచిన కాలం

నేను తాగి బడికి వస్తున్నానని ఒక పిల్లవాడి తండ్రి మా హెడ్మాస్టరుకు చెప్పాడు. నాకు ఏదో జబ్బు ఉందని నేను ఒప్పుకున్నది ఆ రోజే.

రొద్దం మండలంలోని ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని నేను. ఇల్లు పెనుకొండలో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. బస్సు దిగాక బడి దాకా మట్టిరోడ్డు, రెండు పక్కలా వేరుశనగ చేలు. ఆ రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు తూలుకుంటూ వెళ్తున్నానని నాకు తెలియనే తెలియదు. తిన్నగానే నడుస్తున్నట్టు ఉండేది. బోర్డు మీద రాసిన వరుసలు కిందికి జారిపోతుంటే కళ్లద్దాలు మార్చాలేమో అనుకున్నాను. మాట ముద్దగా వస్తుంటే పన్ను నొప్పి మీదికి నెట్టేశాను.

హెడ్మాస్టరు గారు పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు. నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించి, కిటికీ వైపు చూస్తూ అన్నారు.

"అమ్మా, నేనైతే నమ్మలేదు. కానీ ఊర్లో మాట పుట్టినాక నీకు చెప్పకుండా ఉంటే బాగుండదు. నీ నడక చూసి ఏమేమో అనుకుంటాండారు."

"ఏమనుకుంటాండారు సార్?"

ఆయన చెప్పారు. ముందు నాకు నవ్వొచ్చింది. కాఫీ కూడా తాగని మనిషిని నేను. నవ్వుతూనే లేవబోయి పక్కకు ఒరిగి, టేబులు అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా చేతి వైపు చూశారు. నేనూ చూసుకున్నాను. వేళ్లు తెల్లబడిపోయేంత గట్టిగా పట్టుకొని ఉన్నాను.

"డాక్టరుకు చూపిచ్చుకో తల్లీ," అన్నారు.

ఇప్పుడు నేను నడవను. చక్రాల కుర్చీలో కూర్చొని ఇది చెప్తున్నాను. నా మాట బయటివాళ్లకు అర్థం కాదు, మాట విని రాసిపెట్టే ఫోనుకు అసలే కాదు. అందుకని నేను చెప్తుంటే మా అమ్మాయి మానస టైపు చేస్తోంది. ఈ జబ్బుతోనో, ఇలాంటి ఇంకో జబ్బుతోనో నడక తప్పినవాళ్లు మన వైపు ఇంకా ఉంటారు. కొండలెక్కేవాళ్లు వాడే జంట కర్రలు పట్టుకొని నేను కొంతకాలం నడిచాను. వాటి వల్ల జరిగిన మేలూ కీడూ రెండూ చెప్తే వాళ్లకు పనికొస్తుందేమో అని ఆశ. ధైర్యం చెప్పే మాటలు మాత్రం నా దగ్గర పెద్దగా లేవు. లేనివి ఉన్నట్టు చెప్పలేను.

ఆ ఎండాకాలం

వేసవి సెలవులన్నీ హిందూపురం ఆసుపత్రుల్లోనే గడిచాయి. ఒకరు చెవిలో లోపమన్నారు. ఒకరు రక్తం తక్కువన్నారు. నరాల బలానికని సూదులు వేశారు. వేసిన ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టే అనిపించేది. తర్వాత వంటింటి గడప దగ్గర మళ్లీ పడేదాన్ని.

అప్పటిదాకా ఆసుపత్రి అంటే నాకు డాక్టరు గది. ఆ వేసవిలో తెలిసింది, ఆసుపత్రి అంటే వరండా అని. వరసగా అతికించిన ఇనుప కుర్చీలు, పైన తిరుగుతున్నా గాలి తగలని ఫ్యాను. మడకశిర నుంచి, అమరాపురం నుంచి వచ్చినవాళ్లు కన్నడం కలిపి మాట్లాడుకుంటూ ఉంటారు. పేరు పిలిచే అమ్మాయి కూడా ఒకసారి తెలుగులో, ఒకసారి కన్నడంలో పిలుస్తుంది. మన పేరు వస్తుందేమోనని ప్రతి పేరుకూ తలెత్తి చూస్తాం.

ఒకరోజు బాత్రూముకు పోవాలి. మా ఆయన మందులు తేవడానికి కిందికి పోయారు. గోడ దూరంగా ఉంది. లేచి నిలబడి, ఎటు అడుగు వేయాలో తెలియక అలాగే ఉండిపోయాను. పక్కన కూర్చున్న ఆమె, పరిగి నుంచి వచ్చిందట, పట్టుపురుగులకు ఆకు కోసి కోసి వేళ్లన్నీ పసరు పట్టి ఉన్నాయి, ఏమీ అడక్కుండా లేచి నా మోచేయి పట్టుకుంది.

"పా అక్కా, నేనుండా కదా," అంది.

తీసుకుపోయి, బయట నిలబడి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది. తనకేం జబ్బో నేను అడగలేదు. ఆమె పేరు పిలిచినప్పుడు లేచి వెళ్లిపోయింది. మళ్లీ కనపడలేదు.

చివరికి హిందూపురం డాక్టరే బెంగుళూరుకు రాసిచ్చారు. రైల్లో వెళ్లాం. అక్కడ తలకు స్కానింగు తీశారు. కుర్ర డాక్టరు, తెలుగు కొంచెం తడుముకుంటూ మాట్లాడాడు. చిన్నమెదడు కుంచించుకుపోతోందన్నాడు. ఒంటిని నిలకడగా ఉంచేది అదేనట.

"దీనికి మందు?" అని మా ఆయన అడిగారు.

"లేదండీ."

"ఆపరేషను?"

"లేదు. మెల్లగా పెరుగుతుంది. ఎంత మెల్లగా అనేది చెప్పలేం." అతను నా వైపు తిరిగాడు. "మీ కుటుంబంలో ఎవరైనా ఇట్లా నడిచేవాళ్లు ఉన్నారా?"

"లేరు," అన్నాను.

మా ఆయన వెల్డింగు షాపు నడుపుతారు. విరిగినదేదైనా అతికించడమే ఆయన పని.  తిరుగు రైల్లో హిందూపురం స్టేషను దాటాక అన్నారు, "ఏదో ఒకటి చెయ్యమని చెప్పు సుజాతా, చేస్తా. చేసేదేం లేదంటే నాకు పిచ్చి లేస్తాది."

 కిటికీలోంచి ఎండిన చెరువులు వెనక్కి పోతున్నాయి.

ధర్మవరంలో

మా పుట్టిల్లు ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను కాలేజీలో ఉండగానే పోయాడు. అమ్మ ఇప్పుడు మా తమ్ముడు నాగరాజు దగ్గర ఉంటుంది. వాడు పట్టుచీరల షాపులో పని చేస్తాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

డాక్టరు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. లేరు అని అంత తొందరగా ఎలా అన్నానో నాకే తెలియదు. ఆ వచ్చిన ఆదివారమే ధర్మవరం వెళ్లాం. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నాయన ఎట్ల నడిచేవాడు?"

"ఎట్ల నడిచేదేంది? తాగినోడు ఎట్ల నడుస్తాడో అట్లనే."

"తాగుతాంటే నువ్వెప్పుడన్నా చూసినావా?"

"నా ఎదురుగా యాడ తాగుతాడు? యాడనో తాగొచ్చేటోడు."

"వాసన వచ్చేదా?"

అమ్మ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. నాకూ గుర్తొస్తున్నాయి అన్నీ. మగ్గం మీద నాయన చేతిలో పోగు నడిపే నాడె తప్పిపోవడం, పోగులు తెగిపోవడం, చీర మీద చీర చెడిపోతుంటే షావుకారు నేయడానికి పడుగు దారం ఇవ్వడం మానేయడం. వీధిలో గోడ పట్టుకొని నడుస్తుంటే పిల్లలు వెనక నవ్వుతూ పోవడం. చివరికి ఒక వానరోజు కాలవలో పడి తలకు దెబ్బ తగిలి పోయాడు. తాగి పడ్డాడని ఊరంతా అనుకుంది. శవం దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఆ మాటే అనుకుంటూ వెళ్లారు.

"ఒట్టు పెట్టేటోడు," అంది అమ్మ. "మీ ఇద్దరి తలల మింద చెయ్యి పెట్టి ఒట్టేసేటోడు, నేను ముట్టలేదే అని. నేను ఇంటే కదా. అన్నం గూడ పెట్టకుండా బయట కూచోబెట్టినా."

తర్వాత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చిక్కుడుకాయలు మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. గింజలన్నీ తొక్కల్లోకీ, తొక్కలన్నీ గిన్నెలోకీ వేస్తోంది.

తలుపు వైపు చూశాను. నాగరాజు లేడు. బయట బండి తీసిన శబ్దం వినపడింది. అప్పటి నుంచి వాడు మా ఇంటికి రావడం మానేశాడు. ఫోను చేస్తే షాపులో ఉన్నానంటాడు. నన్ను చూస్తే వాడు ఏం చూడాల్సి వస్తుందో నాకు తెలుసు. పిలవడం మానేశాను.

ఆ ఏటి వానలు

కర్రల సంగతి మొదట చెప్పింది హిందూపురంలో నాకు వ్యాయామం చేయించే ఫిజియో డాక్టరమ్మ. అమరాపురం అమ్మాయి. మాటలో సగం కన్నడం. అప్పటికి నేను గొడుగును ఊతకర్రలా పట్టుకొని నడుస్తున్నాను.

"ఒంటి కర్ర వద్దు మేడమ్, ఒక దిక్కే ఒరిగిపోతారు. కొండలెక్కేవాళ్లు పట్టుకుంటారు చూడండి, రెండు. అవి తెప్పించుకోండి."

తెప్పించుకున్నాం. డబ్బా విప్పగానే మా ఆయన ఒకటి తీసి చేత్తో తూచి, వేలితో తట్టి చూశారు.

"అల్యూమినియం. ఇంత తేలికగా ఉండాది, మనిషిని యాడ మోస్తాది?" అని మరుసటి రోజు షాపులో ఇనప పైపుతో ఒక జత చేసుకొచ్చారు. నల్ల రంగు కూడా వేశారు. ఒకటి ఎత్తబోతే నా భుజం జారినంత పనైంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఏడాదిలో మేమిద్దరం కలిసి నవ్విన రోజు ఇంకొకటి గుర్తు రావడం లేదు. ఆ ఇనప జత మీద ఇప్పుడు దొడ్లో బీరతీగ పాకుతోంది.

డాక్టరమ్మ వరండాలోనే నేర్పింది. కర్ర నిలబెడితే మోచేయి ఎల్ అక్షరంలా వంగి ఉండాలి, అంత ఎత్తుకు సరిచేసుకోవాలి. కుడికాలితో ఎడమ కర్ర, ఎడమకాలితో కుడి కర్ర. కర్రల వైపు చూడకూడదు, ఎదురుగా చూడాలి. "సొల్ప నిదానంగా మేడమ్, ఎవురూ తరుముకోని రాలేదు," అంటూ నా వెనకే నడిచేది. వరండాలో కూర్చున్నవాళ్లంతా చూస్తుండగా నేను ఆ చివరి దాకా పోయి వెనక్కి వచ్చాను. గోడ పట్టుకోలేదు. మనిషిని పట్టుకోలేదు. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

అదే వాటి మేలు, అదే వాటి కీడు కూడా. నిలబెడతాయి. చేతులు తీసేసుకుంటాయి.

మేలు ముందు చెప్తాను. నడుము వంగిపోకుండా నిటారుగా నడిచాను. మోకాళ్ల మీద బరువు తగ్గింది. మట్టిరోడ్డు మీద ఇనుప మొన దిగి పట్టు దొరికేది. అలసిపోతే రెండు కర్రల మీద ఒరిగి నిలబడి ఊపిరి తీసుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద మేలు ఇంకోటి. కర్రలు లేకపోతే నేను తాగిన మనిషిని. కర్రలుంటే జబ్బు మనిషిని.

బడి రోడ్డులో ఒకాయన బండి ఆపి, "మోకాళ్ల నొప్పులా మేడమ్? మా యమ్మకూ అంతే, శానా బాధ పడతాది," అన్నాడు. అవునన్నాను. మరుసటి వారం ఒక సంచి నిండా పచ్చి వేరుశనక్కాయలు తెచ్చి స్టాఫ్ రూములో పెట్టి పోయాడు. నేను తాగుతానని హెడ్మాస్టరుకు చెప్పింది ఆయనే. ఆయనకు అది గుర్తుందో లేదో. కాయలు ఉడకబెట్టుకొని తిన్నాం.

ఇక కీడు. ఎండలో గొడుగు పట్టుకోలేను. బ్యాగు వీపుకు తగిలించుకోవాల్సిందే. బస్సులో టిక్కెట్టు తీసుకోవాలంటే కర్రలు ఎవరికైనా ఇవ్వాలి. చీర కట్టుకుంటే మరీ కష్టం. మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకునే చెయ్యి లేదు, కర్ర మొన వెళ్లి కుచ్చిళ్లలో గుచ్చుకుంటుంది. ఒకసారి అలాగే బడి మెట్ల మీద పడ్డాను. ఆ రోజు నుంచి చుడీదార్లు వేసుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో చీర తప్ప కట్టి ఎరగను. మొదటిరోజు స్టాఫ్ రూములోకి అడుగు పెట్టేటప్పుడు, పడితే కలిగే సిగ్గుకంటే అది తక్కువేలే అనుకున్నాను.

ఇళ్లలో బండలు నున్నగా ఉంటాయి. ఇనుప మొన జారుతుంది. రబ్బరు తొడుగు వేసుకోవాలి. మట్టిలోకి దిగితే ఆ తొడుగు ఊడి బురదలో ఉండిపోతుంది. అందుకని నాలుగైదు తెచ్చి పెట్టుకోండి. తిప్పి బిగించే అతుకు కొన్నాళ్లకు వదులవుతుంది. బరువంతా మోపిన క్షణంలో కర్ర లోపలికి దిగిపోతుంది. రోజూ బయల్దేరే ముందు మా ఆయన రెండూ నేలకేసి గట్టిగా అదిమి చూసి ఇచ్చేవారు. వీధికుక్కలు కర్రను చూసి భయపడతాయనుకుంటాం. టక్కు టక్కుమనే చప్పుడుకు వెంటపడతాయి. అదిలించడానికి ఒక కర్ర ఎత్తితే నేను పడిపోతాను. రాత్రికి భుజాలు, మణికట్లు సలుపుతాయి. కాళ్లు చేయాల్సిన పని చేతులు చేస్తే అంతేగా.

బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు. స్టాపు దాటి, సరిగ్గా మా బడి రోడ్డు మొదట్లో ఆపేవాడు. ఎవరైనా తొందరపెడితే, "మేడమ్ దిగేంతవరకూ బండి కదల్దు, కూచోండప్పా," అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను మరికొన్ని నెలలు బడికి పోయానేమో.

మరుసటి ఏటి చలికాలం

కర్రల్లో ఇంకో కీడుంది. నేను దాని గురించి హెచ్చరించడానికే ఇంత దూరం వచ్చాను. మనం ఎంత దూరం పోగలమో అవి చెప్తాయి, ఎంత దూరం తిరిగి రాగలమో చెప్పవు.

పెనుకొండలో ఉండి కూడా కోటకొండ ఎక్కి ఏళ్లయింది. ఇంటి మిద్దె మీదికి పోతే ఎదురుగా అదే. ఒక ఆదివారం పొద్దున, ఇంకా మంచు విడవకముందు, "కొండకు పోదాం," అన్నాను. మా ఆయన వద్దన్నారు. మానస సెలవుకు హిందూపురం హాస్టలు నుంచి వచ్చి ఉంది.

"అవి కొండలెక్కే కర్రలే కదా నాయనా. కొంచెం దూరమే పోదాం," అని అదే ఒప్పించింది.

ఎక్కేటప్పుడు వాటంత మంచివి ఇంకోటి లేవు. పై రాయి మీద రెండు కర్రలూ నాటి చేతుల మీద ఒంటిని లాగడం, కాలు పెట్టడం, మళ్లీ నాటడం. ఊపిరి ఆడుతోంది. కాళ్లు చెప్పిన చోటే పడుతున్నాయి. కొంచెం దూరమే అనుకున్నవాళ్లం పాత గోడల దాకా పోయాం. అక్కడి నుంచి చూస్తే పెనుకొండ అంతా కింద కనిపించింది. మానస నా ఫోటో తీసింది. రెండు కర్రలూ చాచి, రెక్కలున్నదానిలా నిలబడ్డాను. ఆ ఫోటోలో నాకు జబ్బు లేదు.

దిగేటప్పుడు కర్రల పొడవు పెంచుకోవాలి. ఆ సంగతి తెలిసీ సంతోషంలో మరిచాం. పొట్టి కర్రలతో ముందుకు వంగి దిగుతున్నాను. నున్నటి బండ మీద ఒక మొన జారింది. రెండోది రెండు రాళ్ల సందులో దిగి ఇరుక్కుంది. ఒళ్లు ముందుకు పోయింది. కర్ర రాలేదు. పిడికి ఉండే పట్టీలో నా మణికట్టు చిక్కుకొని ఉంది. పట్టీ లేకపోతే కర్ర వదిలేసి చేతుల మీద పడేదాన్ని. చెయ్యి వెనక ఉండిపోయింది, నేను ముందు పడ్డాను. ఎముక విరిగిన చప్పుడు నాకంటే ముందు మా ఆయనకు వినపడింది.

ఆయన నన్ను వీపు మీద వేసుకొని దిగారు. దారి పొడుగునా ఒక్కసారి కూడా 'వద్దన్నా కదా' అనలేదు. మానస వెనక కర్రలు పట్టుకొని ఏడుస్తూ వస్తోంది. "నేను పోదామని అనకుండా ఉంటే," అని మళ్లీ మళ్లీ అంటోంది. నేను దానికి సమాధానం చెప్పాలనుకున్నాను. నొప్పికి మాట ఇంకా ముద్దైపోయి, ఏం చెప్పానో దానికి అర్థం కాలేదు.

కర్రలు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్కటే గుర్తు పెట్టుకోండి. మన జబ్బున్నవాళ్లు ఆ పట్టీలో చెయ్యి పెట్టకూడదు. ఉత్త పిడి పట్టుకోవాలి. పోతే కర్ర పోనివ్వాలి.

కట్టు విప్పాక

కట్టు ఉన్నన్నాళ్లూ మంచం మీదే. ఒక చేత్తో రెండు కర్రలు పట్టుకోవడం ఎవరికీ చేతకాదు. ఆ కొన్ని వారాల్లోనే కాళ్లు నన్ను మరిచిపోయాయి. కట్టు విప్పిన రోజు హిందూపురం వరండాలో డాక్టరమ్మ మళ్లీ కర్రలు ఇచ్చింది. కుడి కర్ర నేల మీద పెట్టబోతే నా పాదం మీద పడింది. ఎడమది ఆమె పాదం మీద పడింది. జబ్బు అప్పటికి చేతుల్లోకి వచ్చేసింది. కర్రలు పట్టుకోవాల్సిన చేతులకే కర్రలు కావాలి.

 ఆమె నా చేతుల్లోంచి వాటిని మెల్లగా తీసుకొని, కుదించి, సంచిలో పెట్టి మా ఆయనకు ఇచ్చింది. తర్వాత నా పక్కన కూర్చుంది. బయట ఎందరో ఎదురుచూస్తున్నారు. అయినా కాసేపు అలాగే కూర్చుంది.

మా ఆయన ఇల్లంతా గోడల వెంట పైపులు వెల్డింగు చేశారు, మంచం నుంచి బాత్రూముకు, బాత్రూము నుంచి వంటింటికి. కొన్ని నెలలు వాటిని పట్టుకొని తిరిగాను. ఇప్పుడు వాటి మీద తువ్వాళ్లు ఆరేస్తాం. ఉద్యోగం మానేశాను. హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి శాలువా కప్పి పోయారు. మంచినీళ్లు కూడా పొలమారుతున్నాయి. మా ఆయన షాపు మధ్యాహ్నానికే మూసేసి వస్తారు. ఒక్కోసారి అన్నం కలుపుతూ కలుపుతూ లేచి బయటికి పోతారు. దొడ్లో నిలబడి, మళ్లీ వస్తారు. నేను అడగను.

మానస డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఈ జబ్బు పిల్లలకు వచ్చేది, రానిది సగం సగమని డాక్టర్లు చెప్పారు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందట.

"తెలుసుకోని ఏం చేయల్లమ్మా?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుంది. వరండాలో బండల మధ్య గీత ఉంటుంది. ఆ గీత మీద ఒక పాదం ముందు ఒక పాదం ఆనించుకుంటూ నడుస్తోంది. గోడ దాకా పోయింది. తిరిగింది. మళ్లీ నడిచింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఇది చెప్తున్నప్పుడు తను టైపు చేయడం ఆపింది.

"చూసినావా?" అంది.

"చూసినా."

 తర్వాత, "చెప్పు, ఇంకేముంది?" అని మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది.

ఈ నెల

ఇంకొక్కటే ఉంది.

నాగరాజు ఫోను చేశాడు. ఇన్నాళ్లకు వాడంతట వాడే చేశాడు. మా ఆయన ఫోను నా చెవి దగ్గర పెట్టారు.

"అక్కా, నీ కర్రలు ఊరికేనే ఉండాయా?"

ఊఁ అన్నాను.

"షాపులో చీర ఇప్పి చూపిస్తాంటే చెయ్యి తప్పి కస్టమరు మింద పడింది. నాలుగు మెట్లు దిగల్లంటే గోడ పట్టుకుంటాండా. ఎట్ల పట్టుకోవాల్నో నువ్వొచ్చి చూపిస్తావా?"

ఆటో మాట్లాడుకొని ధర్మవరం వెళ్లాం. వాడు వీధిలోనే నిలబడి ఉన్నాడు, కాళ్లు ఎడంగా పెట్టి. నన్ను కుర్చీలో చూసి ముఖం పక్కకు తిప్పుకొని, మళ్లీ ఇటు తిప్పి నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి.

నేను చెప్పాను. మా ఆయన నా మాటలు వాడికి అర్థమయ్యేలా మళ్లీ చెప్పారు. ఎత్తు సరిచేయడం, కుడికాలితో ఎడమ కర్ర. పట్టీలో చెయ్యి పెట్టొద్దని చెప్తుంటే మా ఆయన జేబులోంచి కత్తెర తీసి రెండు పట్టీలూ కత్తిరించి పారేశారు. పోవాలనిపించిన దాంట్లో సగమే పోవాలని కూడా చెప్పాను. వాడు బుద్ధిగా తలూపాడు.

బయల్దేరాడు. మొదట రెండుసార్లు తడబడ్డాడు. తర్వాత కుదిరింది. వీధిలో మగ్గాల చప్పుడు మధ్యలో, నడుము నిటారుగా పెట్టి, చివరి ఇంటి దాకా పోయి, జాగ్రత్తగా తిరిగి వచ్చాడు. ముఖం చెమటతో మెరుస్తోంది.

"బాగుండాయక్కా! నడుస్తాండా చూసినావా!"

గడపలో కూర్చున్న అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

వాడు కర్రల మీద ఒరిగి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు అడిగాడు, "నీకు ఎన్నాళ్లు పనికొచ్చినాయక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. నా మాట వాడికి సరిగా తెలియదు, మా ఆయనే ఏదో ఒకటి మార్చి చెప్పేవారు. కానీ వాడు నా నోటి వైపే చూస్తున్నాడు.

"రెండు వానలు," అన్నాను.

మా ఆయన మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాగరాజు తలొంచుకొని లెక్క వేసుకున్నాడు.

"రెండంటే, మా చిన్నదానికి పదో తరగతి అయిపోతాదిలే," అన్నాడు. "ఇంకో సుట్టు పోయొస్తా."

కర్రలు ముందుకు పెట్టి మళ్లీ వీధిలోకి నడిచాడు.